చిక్కడపల్లిలో 32 ఏళ్ల నాటి సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 36 లక్షలు చెబుతున్నారు – ఏమేం చూసుకోవాలి?

కొత్తకొనుగోలుదారు:

అందరికీ నమస్కారం. చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మకానికి ఉంది. ఇప్పటిదాకా తెలిసిన వివరాలు:

కట్టింది 1993లో. స్థలం 520 గజాలు. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకి నాలుగు చొప్పున 16 ఫ్లాట్లు. మనం చూస్తున్నది రెండో అంతస్తులో ఉంది. దస్తావేజులో 580 అడుగుల ప్లింత్ ఏరియా, 28 గజాల అన్‌డివైడెడ్ షేర్ (మొత్తం స్థలంలో విడదీయని వాటా) అని రాసి ఉంది. పార్కింగ్ ప్రస్తావన లేదు, బైక్ పెట్టుకోవచ్చని నోటిమాటగా అంటున్నారు. మున్సిపల్ ప్లాన్ కాపీలో మాత్రం పైన మూడు అంతస్తులే కనిపిస్తున్నాయి.

ఫ్లాట్ ఓనరు చనిపోయారు, వీలునామా లేదు. ఆయన భార్య, కొడుకు ఇక్కడ ఉన్నారు, కూతురు అమెరికాలో ఉంది. ఈ మధ్యే లోపలంతా రంగులు వేయించారు, బాత్‌రూమ్‌లో ఫాల్స్ సీలింగ్ కొట్టించారు. చెబుతున్న ధర 36 లక్షలు. సగానికి పైగా లోన్ తీసుకోవాలి. ధర సరైనదేనా? బయానా ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

గజంలెక్క:

పాత ఫ్లాట్‌కి అడుగు రేటు అడగకండి, అది కొత్త ఫ్లాట్ల లెక్క. బ్యాంకు వాల్యుయర్ స్థలాన్ని, కట్టడాన్ని విడగొట్టి చూస్తాడు, మీరూ అలాగే చూడండి.

ఆ సందులో గజం 90 వేలు అనుకుందాం. ఈ అంకె మీరే రెండు మూడు చోట్ల విచారించి మార్చుకోండి, మెయిన్ రోడ్డు రేటు లోపలి సందుకి వర్తించదు. 28 గజాలకి 25.2 లక్షలు. కట్టడం ఈరోజు కొత్తగా కట్టాలంటే అడుక్కి 1,800 చొప్పున 10.44 లక్షలు. ఆర్‌సీసీ బిల్డింగ్‌కి 60 ఏళ్ల ఆయుష్షు, చివరికి 10 శాతం తుక్కు విలువ పట్టుకుంటే 32 ఏళ్లకి 48 శాతం అరిగిపోయినట్టు. మిగిలేది సుమారు 5.4 లక్షలు. రెండూ కలిపితే 30.6. పైన అడుగుతున్న ఐదున్నర లక్షలు మెట్రోకి, కొత్త రంగులకి. మెట్రోకి కొంత ఇవ్వొచ్చు, రంగులకి మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు.

28 గజాల వాటా కూడా సరిచూడండి. 16 ఫ్లాట్ల ప్లింత్ ఏరియా మొత్తం కావాలి. అది 10,800 అడుగులైతే 580 × 520 ÷ 10,800 = 27.9, సరిపోయినట్టే. అసలు చిక్కు వేరే చోట ఉండొచ్చు. నాలుగో అంతస్తు ప్లాన్‌లో లేదన్నారు కాబట్టి, బిల్డర్ మొదట 12 ఫ్లాట్లకి స్థలం మొత్తం పంచేసి, తర్వాత పై నాలుగు ఫ్లాట్లకి మళ్లీ వాటాలు రాసి ఉండొచ్చు. అలా రాస్తే అమ్మిన వాటాలు కలిపినప్పుడు 520 దాటిపోతాయి. అసోసియేషన్ దగ్గర అందరి దస్తావేజుల నకళ్లు ఉంటే గంటలో తేలుతుంది. లేకపోతే కనీసం పై అంతస్తు దస్తావేజు ఒకటి సంపాదించి చూడండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు వేరు: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మ్యుటేషన్ 0.1, మొత్తం 7.6 శాతం. 36 లక్షలకే రాయిస్తే 2,73,600. ప్రభుత్వ విలువ, మీ ఒప్పంద ధర – ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద కడతారు.

దస్తావేజుల_పరిశీలన:

ధర సంగతి తర్వాత. ఇందులో పెద్ద పని వారసులది.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే భార్య, పిల్లలతో పాటు ఆయన తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. ఓనరు పోయిన రోజున ఆయన తల్లి బతికి ఉన్నారా అని అడగండి. బతికి ఉంటే ఆమెకీ సమాన వాటా వచ్చింది. ఆ తర్వాత ఆమె పోతే ఆ వాటా ఆమె మిగతా పిల్లలకీ, అంటే ఈయన అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ పాకుతుంది. ఎమ్మార్వో ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు తరచూ కనిపించదు. అది చూసి ముగ్గురే అనుకుని సంతకాలు పెట్టించుకుంటే, పదేళ్లకి మేనత్త తరఫున నోటీసు వస్తుంది. మరణ ధ్రువపత్రాలు రెండూ తీసుకుని తేదీలు పోల్చుకోవాలి.

కూతురు రాలేకపోతే జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) పంపాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించుకున్న జీపీఏ ఇండియా చేరిన 3 నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించాలి. ఆ గడువు దాటించేవాళ్లు చాలామంది. అందులో అమ్మే అధికారం, సొమ్ము తీసుకునే అధికారం, రిజిస్ట్రార్ ముందు హాజరయ్యే అధికారం విడివిడిగా రాసి ఉండాలి. ఫ్లాట్ నంబరు, గజాలు కూడా ఉండాలి. "నా ఆస్తి వ్యవహారాలన్నీ చూసుకొనుటకు" అన్న ఒక్క వాక్యం చాలదు.

టీడీఎస్ గురించి, అంటే అమ్మేవాళ్ల పన్ను కొనేవాళ్లే కోసి కట్టడం. 50 లక్షల లోపు కొనుగోలుకి టీడీఎస్ అక్కర్లేదని ఎవరైనా చెబితే అది ఇక్కడ ఉండే అమ్మకందారుల మాట. ఆ అమ్మాయి పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్ అయితే ఆ పరిమితి వర్తించదు. ఆమె వాటాకి వెళ్లే సొమ్ములో పన్ను కోసి కట్టాల్సిన బాధ్యత కొన్న మీది. కోయకపోతే నోటీసు మీకే వస్తుంది. ఆమె ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే కోత తగ్గుతుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి బయానా రోజే చెప్పేయండి. ఆమె వాటా ఆమె ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే (ప్రవాసులకి ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయి ఖాతా) వెళ్లాలి, అన్నయ్య ఖాతాలో కలిపి వేయకండి.

ఇక ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, ఈ బిల్డింగ్‌కి అది చాలు. ఒక్క ఫ్లాట్ నంబరుతో వెతికి ఊరుకోవద్దు. స్థలం పాత డోరు నంబరుతో, కొత్త డోరు నంబరుతో, దస్తావేజు నంబరుతో మూడు సార్లు తీయండి. ఫ్లాట్ మీద ఏమీ లేకపోయినా మొత్తం స్థలం మీద బిల్డర్ పెట్టిన తాకట్టు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. దస్తావేజులు డిపాజిట్ చేసి తీసుకున్న లోన్ ఈసీలో ప్రతిసారీ పడదు. దానికి సెర్సాయ్‌లో (బ్యాంకు తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) వేరే సెర్చ్ చేయాలి. జిరాక్సులు కాదు, ఒరిజినల్ సేల్ డీడ్ చేతితో పట్టుకుని చూడండి. అది "ఇప్పుడు ఊళ్లో లేదు" అంటే ఎక్కడో తాకట్టులో ఉందనే అనుకోండి.

1993 నాటి డీడ్ మీద ఎవరు సంతకం చేశారో కూడా చదవండి. స్థలం యజమాని తరఫున బిల్డర్ జీపీఏ హోల్డర్‌గా చేసి ఉంటే, ఆ జీపీఏ నకలు కావాలి, ఆ తేదీన యజమాని బతికే ఉన్నాడని తేలాలి. అప్పట్లో కొందరు బిల్డర్లు స్థలం వాటాకి మాత్రమే సేల్ డీడ్ చేసి, ఫ్లాట్‌కి వేరుగా తెల్లకాగితం మీద నిర్మాణ ఒప్పందం రాసేవారు. మీ డీడ్ షెడ్యూల్‌లో గజాలతో పాటు ఫ్లాట్ నంబరు, అంతస్తు, నాలుగు హద్దులు ఉన్నాయో లేదో చూసుకోండి.

నాలుగో అంతస్తు మీ ఫ్లాట్ కాదు కాబట్టి లోన్ పూర్తిగా ఆగకపోవచ్చు, కానీ కొన్ని బ్యాంకులు బిల్డింగ్ మొత్తాన్నీ చూసి వెనక్కి పంపుతాయి. "బీఆర్‌ఎస్‌కి (ప్లాన్‌లో లేని కట్టడాల క్రమబద్ధీకరణ స్కీముకి) అప్లై చేశాం" అంటే క్రమబద్ధం అయినట్టు కాదు, 2015 స్కీము దరఖాస్తు రశీదు రశీదే. 2007 చివర్లో వచ్చిన పాత క్రమబద్ధీకరణ స్కీము బీపీఎస్ కింద క్రమబద్ధం అయి ఉంటే ప్రొసీడింగ్స్ కాగితం ఉంటుంది, అది అడగండి.

పెచ్చులు:

కొత్త రంగులు, బాత్‌రూమ్‌లో ఫాల్స్ సీలింగ్ – పాత బిల్డింగ్‌లో ఈ రెండూ కలిసి కనిపిస్తే నేను ముందు అక్కడే నిచ్చెన వేస్తాను.

ఆ కాలపు బాత్‌రూముల్లో స్లాబ్‌ని అడుగు, అడుగున్నర కిందికి దించి, ఆ గుంతలో పైపులు వేసి ఇటుక ముక్కలతో పూడ్చేవారు. పై ఫ్లాట్ నానీ ట్రాప్ (గచ్చు నీళ్లు పైపులోకి దిగే చోటు) దగ్గరో, కమోడ్ జాయింట్ దగ్గరో కారితే నీళ్లు ముందు ఆ గుంతలో నిండుతాయి. నెలల తర్వాత గానీ కింద నిమ్ము తేలదు. అప్పటికి స్లాబ్ కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, అందుకే కింది కాంక్రీటుని తోసేసి పెచ్చులుగా రాలుస్తుంది. దాన్ని కప్పడానికే ఫాల్స్ సీలింగ్.

ఒక ప్యానెల్ తీయించి చూపించమనండి. ఒప్పుకోకపోతే అదే జవాబు. పై ఫ్లాట్ వాళ్లు సహకరిస్తే వాళ్ల బాత్‌రూమ్ నీళ్లు పోయే రంధ్రాలు మూసి, అంగుళం లోతు నీళ్లు 24 గంటలు నిలబెట్టి కింద చూడండి. పైపు కారుతోందా, గచ్చు కారుతోందా అన్నది ఇందులోనే తేలుతుంది. నిలబెట్టిన నీళ్లకి తడి వస్తే గచ్చుది, ఫ్లష్ చేసినప్పుడే వస్తే పైపుది.

తర్వాత బయటికి వెళ్లి డక్ట్‌లోకి (పైపులు దిగే నిలువు సందులోకి) తొంగి చూడండి. గోడలో రావి మొక్క మొలిచిందంటే అక్కడ పైపు చాన్నాళ్లుగా కారుతోందని అర్థం. మొక్క పైకి కొట్టేస్తే మళ్లీ వస్తుంది, వేరు జాయింట్‌లో ఉంటుంది. పాత పోత ఇనుప పైపులైతే జాయింట్లు, వెనక వైపు గీతల్లా చీలికలు చూడాలి. వాటిని పీవీసీకి మార్చడం ఒక్క ఫ్లాట్ వల్ల అయ్యే పని కాదు. నిలువునా నాలుగు ఫ్లాట్లూ ఒకేసారి ఒప్పుకోవాలి. పాత బిల్డింగుల్లో పనులు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

పార్కింగ్‌లో స్తంభాలు చూడండి. కింద నుంచి మూడు నాలుగు అడుగుల దాకా కడ్డీ వెంట నిలువు పగులు ఉంటే లోపల తుప్పు పట్టినట్టు. దూలం చివర, స్తంభం దగ్గర ఏటవాలుగా పగులు ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీర్ లేకుండా ముందుకి వెళ్లొద్దు. మూడంతస్తులకి వేసిన పునాది మీద నాలుగోది ఉంది, మర్చిపోకండి. గోడకీ దూలానికీ మధ్య వెంట్రుకంత గీత, కిటికీ మూలల్లో సన్న గీతలు మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు.

ఇంజనీర్‌ని పిలిస్తే రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు పైపొర గట్టిదనం చూసే పరికరం) ఒక్కటే కొట్టి రిపోర్టు ఇవ్వనీయకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పట్టిన పాత కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది, హ్యామర్ రీడింగ్ బాగుందనే చెబుతుంది. రెండు మూడు చోట్ల కొద్దిగా చెక్కి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లమనండి. గులాబీ రంగు వస్తే కాంక్రీటు ఇంకా కడ్డీని కాపాడుతోంది. రంగు మారకపోతే ఆ లోతు వరకూ రక్షణ పోయింది. ఆ లోతు కడ్డీ దాకా చేరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పెచ్చులూడిన చోట రిపేరు అంటే కడ్డీ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, కడ్డీ సన్నబడితే పక్కన కొత్తది కట్టి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో నింపడం. మేస్త్రీ వచ్చి సిమెంటు మెత్తి పోతే రెండు మూడు వానాకాలాల్లో ఆ ముక్క ఊడి పడుతుంది.

కొత్తకొనుగోలుదారు:

చాలా థ్యాంక్సండీ. నిన్న మళ్లీ వెళ్లాం. గోడల లోపల కొలిస్తే 418 అడుగులే వచ్చింది. డక్ట్‌లో రావి మొక్క ఉంది, మా బాత్‌రూమ్ వైపు కాదు, వంటింటి వైపు. ఫాల్స్ సీలింగ్ తీయడానికి ఒప్పుకున్నారు. ఓనరు తల్లి ఆయన కంటే ముందే పోయారట, సర్టిఫికెట్ చూపిస్తామన్నారు. 580కి 418 అంటే మోసమా? కరెంటు, నీళ్ల విషయంలో ఏం అడగాలి?

మీటర్‌బోర్డు:

మోసం కాదు. గోడల మందం, మెట్లు, వరండా వాటా కలిపి రాసిన అంకె 580. 72 శాతం వచ్చింది, ఆ కాలపు కట్టడానికి మామూలే. 65 కంటే తక్కువ వస్తే ప్రశ్నించాలి.

కరెంటు: మీటర్ దగ్గర బిల్లు తీసి సాంక్షన్డ్ లోడ్ (వాడుకోవడానికి మంజూరైన కరెంటు) ఎంతో చూడండి. పాత సింగిల్ బెడ్‌రూమ్‌లకి ఒక కిలోవాట్ ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీ, గీజర్ కలిస్తే అది చాలదు. కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌లో లోడ్ పెంపు, పేరు మార్పు రెండూ కలిపి పెట్టుకోండి. పాత బకాయి ఉంటే రిజిస్ట్రేషన్‌కి ముందే కట్టించండి, అది కనెక్షన్‌తో పాటే మీకు వస్తుంది.

వైరింగ్: రెండు స్విచ్ బోర్డులు విప్పించి చూడండి. అల్యూమినియం తీగ ఉంటే, ఆకుపచ్చ ఎర్త్ తీగ లేకపోతే మొత్తం మార్చాల్సిందే. కిట్‌క్యాట్ ఫ్యూజులుంటే తీగ కూడా ఆ కాలందే అనుకోండి. లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్లు, వంటింటి ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజర్‌కీ 4 విడివిడి లైన్లు, ముందు 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). పాత పైపులు గోడలో నలిగిపోయి తీగ లాగడానికి రాకపోతే గాడి కొట్టాలి. అప్పుడు ప్లాస్టరింగ్, రంగులు కూడా మీ ఖర్చే. అందుకే కొత్త రంగులకి విలువ ఇవ్వొద్దన్నది.

నీళ్లు: మంచినీళ్లు ఏ రోజుల్లో, ఎంతసేపు వస్తాయో వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్‌ని కాదు. ఫ్లాట్‌కి రోజుకి 500 లీటర్లు పట్టుకుంటే 16 ఫ్లాట్లకి 8,000. రోజు విడిచి రోజు వస్తే సంపు 16,000 లీటర్లైనా పట్టాలి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి గుణించి 28.3తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. 10 × 8 × 7 అడుగుల సంపు 15,850 లీటర్లు, అంటే అంచు మీద ఉన్నట్టు. మిగతాది బోరో ట్యాంకరో. ట్యాంకర్ బిల్లులు వేసవి నెలలవి చూపించమనండి. సంపు మూతకి డ్రైనేజీ చాంబర్ పక్కనే ఉంటే నీళ్లు పరీక్ష చేయించకుండా తాగొద్దు.

ఫ్లాట్‌లో పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులైతే అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి. ధార సన్నబడి ఎర్రటి నీళ్లు వస్తే పైపు లోపల తుప్పు పేరుకుంది.

గజంలెక్క:

ఇంకో మాట. 28 గజాల వాటా ఉంది కదా, రేపు బిల్డర్ వచ్చి కూలగొట్టి కడితే రెట్టింపు ఫ్లాట్ వస్తుంది అని ఏజెంట్లు చెబుతారు. ఆ ఆశకి కూడా ధర కట్టొద్దనే నా సలహా.

దస్తావేజుల_పరిశీలన:

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. ఆశ పూర్తిగా సున్నా కాదు, రోడ్డు వెడల్పుని బట్టి ఉంటుంది. తెలంగాణలో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు, ఎంత ఎత్తు కట్టొచ్చు అన్నది రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదలాల్సిన ఖాళీ తేలుస్తాయి. సన్న సందులో 520 గజాల్లో ఈ నిబంధనలతో మళ్లీ కడితే ఇప్పుడున్న నాలుగంతస్తులు కూడా రావడం కష్టం. పైగా రోడ్డు విస్తరణ కింద ముందు కొంత స్థలం పోవచ్చు. 16 మందికి ఉన్నది తిరిగివ్వడమే గగనమైతే బిల్డర్‌కి లాభం ఎక్కడిది? వెడల్పైన రోడ్డు మీద మూల బిట్ అయితే మాత్రం లెక్క వేరు. టేపుతో రోడ్డు కొలిచి చెప్పండి.

నాలాపక్క:

ఎవరూ ఎత్తలేదు కాబట్టి: స్థలం అశోక్‌నగర్, దోమలగూడ వైపు ఉంటే హుస్సేన్‌సాగర్ తూము నాలా ఎంత దూరమో చూడండి. ఆ నాలా కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా గోల్నాక దగ్గర మూసీలో కలుస్తుంది. 2020 అక్టోబరు వానలకి దాని పక్క కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. రెండో అంతస్తుకి నీళ్లు రావు, కానీ మీటర్ బోర్డు, మోటారు, సంపు, లిఫ్ట్ గుంత అన్నీ కిందే ఉంటాయి. పార్కింగ్ గోడల మీద నీటి చార, మీటర్ బోర్డు ఎంత ఎత్తులో ఉంది అన్నవి చూస్తే తెలిసిపోతుంది. బోర్డుని ఈ మధ్య పైకి జరిపి ఉంటే కారణం అడగండి.

అద్దెలు:

మీరు ఉండకుండా అద్దెకిస్తే ఖాళీ ఉండదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల వల్ల పోటీ పరీక్షల పిల్లలు ఎప్పుడూ వెతుకుతుంటారు. కానీ కొన్ని అసోసియేషన్లు బ్యాచిలర్స్‌కి ఇవ్వొద్దని తీర్మానం చేసుకున్నాయి. మినిట్స్ పుస్తకం చూసి తర్వాతే అద్దె ఆదాయం లెక్కలో వేసుకోండి. నలుగురు ఒక్క బాత్‌రూమ్ వాడితే డ్రైనేజీ సంగతి పైన పెచ్చులు గారు చెప్పిందే.

కొత్తకొనుగోలుదారు:

రోడ్డు కొలిచాం, 22 అడుగులు. ఫాల్స్ సీలింగ్ పైన రెండడుగుల మేర పెచ్చులూడి కడ్డీ కనిపిస్తోంది. పై ఫ్లాట్ వాళ్లు తమది కాదంటున్నారు. 31కి అడుగుదామనుకుంటున్నాం. బయానా ఎంత ఇవ్వాలి, అగ్రిమెంట్‌లో ఏం రాయించాలి?

దస్తావేజుల_పరిశీలన:

22 అడుగులైతే బిల్డర్ కథ మర్చిపోండి. 31 మీద మొదలుపెట్టడం సరైనదే.

బయానా 2 లక్షలు దాటొద్దు, చెక్కుతో, వారసులు ముగ్గురి పేర్లూ రాసిన అగ్రిమెంట్ మీద. కొడుకు ఒక్కడే సంతకం పెట్టి "అమ్మ, చెల్లి ఒప్పుకుంటారు" అంటే తీసుకోవద్దు. గడువు 90 రోజులు పెట్టండి, జీపీఏ రావడానికి, సర్టిఫికెట్‌కి, లోన్‌కి ఆ మాత్రం కావాలి. ఈ షరతులు రాయించండి: ఒకటి, బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో గానీ టెక్నికల్ రిపోర్టులో గానీ లోన్ తిరస్కరిస్తే బయానా 15 రోజుల్లో పూర్తిగా వాపసు. రెండు, ఆస్తి పన్ను, నీళ్లు, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు రిజిస్ట్రేషన్ నాటికి అమ్మేవాళ్లే కట్టి, అసోసియేషన్ నుంచి నో డ్యూస్ ఇవ్వాలి. మూడు, బైక్ పార్కింగ్ చోటు అసోసియేషన్ లెటర్‌తో చూపించాలి. నాలుగు, ఒరిజినల్ సేల్ డీడ్ రిజిస్ట్రేషన్ టేబుల్ మీదే మీ చేతికి.

పెచ్చులు:

ఐదోది నేను చేరుస్తాను. పై బాత్‌రూమ్ లీకు ఆగాకే రిజిస్ట్రేషన్ అని రాయించండి. పై వాళ్లు "మాది కాదు" అంటే రంగు నీళ్ల పరీక్ష చేయండి: వాళ్ల ఒక్కో ట్రాప్‌లో ఒక్కో రంగు పొడి కలిపి పోసి, ఒకటి రెండు రోజులు మీ సీలింగ్ గమనించండి. గుంతలో పాత నీళ్లు నిండి ఉంటే రంగు తేలడానికి ఇంకా ఆలస్యం కావచ్చు, మొదటి రోజే తేల్చేయకండి. పై గచ్చు తవ్వి వాటర్‌ప్రూఫింగ్ చేయకుండా కింది నుంచి కెమికల్ ఇంజెక్షన్ కొడితే చాలని కాంట్రాక్టర్ అంటే ఒప్పుకోవద్దు. నీళ్లు పక్కకి తిరిగి వంటింటి గోడలో తేలతాయి. రావి మొక్క ఉన్న వైపు కూడా అదే గోడ కదా, ఆ డక్ట్ పైపు ఈ పై బాత్‌రూమ్‌దేనేమో పై ఫ్లాట్‌లో ఫ్లష్ చేయించి ఒకసారి చూడండి.